అంగట్లో దొరికిన రూపు

ఆ వానాకాలమంతా మా ఇంటికి పాత సామాన్లు వచ్చి పడుతూనే ఉన్నాయి. మొదట అంచు సొట్టపోయిన ఇత్తడి చెంబు వచ్చింది. తర్వాత వడ్లు కొలిచే మానిక. ఆ తర్వాత ఒక వెదురు తట్ట. మా అమ్మ గొడ్ల పాకలో పేడ ఎత్తిన తట్టకి అచ్చం కవల. మా అమ్మాయి రసజ్ఞ దాన్ని హాల్లో టీవీ పైన మేకు కొట్టి తగిలించి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తల పక్కకి వంచి చూసుకుంది.

"ఎంత బావుందో కదా నాన్నా!"

"మా ఊళ్ళో దీన్ని గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదమ్మా" అన్నాను.

"మీకు టేస్ట్ లేదు."

లేకపోవచ్చు. తణుకు పక్క పల్లెటూళ్ళో ఆ సామాన్ల మధ్యే పుట్టి, వాటిని వదిలించుకోవడానికే చదువుకుని, గవర్నమెంటు ఉద్యోగం సంపాదించి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి నేను. రిటైరై కాళ్ళు చాపుకుని కూర్చుందామనుకునేసరికి అవి నా వెనకాలే వచ్చి నా గోడెక్కాయి. అప్పట్లో ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోని వాటికి ఇప్పుడు ఈ పిల్ల తన జీతం పోస్తోంది.

దీనికంతటికీ మూలం తేజ. రసజ్ఞతో పాటు హైటెక్ సిటీలో ఉద్యోగం చేసి, మానేసి, పాత వస్తువుల వ్యాపారం పెట్టిన పిల్ల. ఊళ్ళ మీద తిరిగి అటకల మీద ఉన్నవీ, పాత సామాన్ల కొట్లలో ఉన్నవీ ఏరుకొచ్చి, తుడిచి, ఒక్కోదానికి ఒక్కో కథ కట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంది. ఆషాఢంలో బోనాల పేరు చెప్పి ఒక గాజు బిల్డింగు కింది అంతస్తులో ఎగ్జిబిషన్ పెట్టింది. రసజ్ఞ నన్నూ, మా ఆవిడ పుణ్యవతినీ అక్కడికి లాక్కుపోయింది. కాబోయే అల్లుడు నితీష్ కూడా వస్తాడంది.

లోపల ఏసీ చలి, స్పీకర్లలోంచి డప్పు చప్పుడు. మెడలో ఐడీ కార్డులు వేలాడుతున్న పిల్లలు కాఫీ కప్పులు పట్టుకుని చేటల ముందు, జల్లెడల ముందు ధ్యానంలో ఉన్నట్టు నిలబడ్డారు. పప్పు రుబ్బే రోట్లో నీళ్ళు పోసి ప్లాస్టిక్ తామర పువ్వు వేశారు. ఒక గోడకి ఎర్రటి నేల మీద బొమ్మలు వేసిన పటం ఉంది. అలాంటివి చాంతాడంత పొడుగుంటాయి. కథ చెప్పేవాళ్ళు కొద్దికొద్దిగా విప్పుతూ రాత్రంతా చెబుతారు. ఈ మహాతల్లులు దాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. నా ఎదురుగా ఉన్న ముక్కలో ఒక రాజు కత్తి ఎత్తి కళ్ళెర్రజేసి ఉన్నాడు.

"ఎవర్ని నరుకుతున్నాడమ్మా?" అని తేజని అడిగాను.

"అది పక్క ఫ్రేములో ఉండేదంకుల్. అమ్ముడుపోయింది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాపం, ఆ రాజు ఇక ఏ నానక్‌రామ్‌గూడ ఫ్లాట్లోనో సోఫా వెనక కత్తి ఎత్తుకునే ఉంటాడు.

అప్పుడే నితీష్ వచ్చాడు. కుర్రాడు చూడటానికి బావుంటాడు, మాట నెమ్మది, పెద్దవాళ్ళని చూస్తే కుర్చీలోంచి లేస్తాడు. రసజ్ఞ ఆఫీసే. ఇద్దరూ ఇష్టపడ్డారు. వాళ్ళది ఇక్కడి ఊరే, హఫీజ్‌పేట్ వైపు. తండ్రి ఐలయ్య పొలాలని అపార్ట్‌మెంట్లు చేసుకుని, వాటి కిరాయిల మీద బతుకుతూ, పెద్ద కారులో చిన్న పనులకి తిరిగే మనిషి. తల్లి సత్తెమ్మ ఒంటి నిండా బంగారమే కానీ నోట్లోంచి మాట రాదు. నాకు ఆ సంబంధం మీద పెద్ద మోజు లేదు. అయినా మా ఇంట్లో నా మోజులు అడిగేవాళ్ళెవరు?

నల్లటి వెల్వెట్ పళ్ళెంలో ఏవేవో బిళ్ళలు పరిచి ఉన్నాయి. నితీష్ అందులోంచి ఒకటి ఏరి రసజ్ఞ మెడ దగ్గర పట్టుకుని చూశాడు. "ఇది తీసుకో. నీకు మస్తుంటది" అన్నాడు. పల్చటి బంగారు రేకు, వెనక లక్క నింపి ఉంది. ముందు వైపు ఒక ఆడమనిషి బొమ్మ అచ్చొత్తి ఉంది.

"ఇదెవరమ్మా?" అన్నాను.

"ఎల్లమ్మ అంకుల్. గ్రామదేవత. నూరేళ్ళ నాటిది" అంది తేజ.

"ఎల్లమ్మే అని ఎలా చెప్పావు?"

"ఆ స్త్రీశక్తి కనిపిస్తోంది కదంకుల్!"

చేతులు రెండూ కిందికి వదిలేసి, బడిలో గోడకుర్చీ వేయబోయే పిల్లలా నిలబడ్డ ఆ బొమ్మలో శక్తి నాకెక్కడా కనపడలేదు. చెబితే మళ్ళీ టేస్ట్ లేదంటారని ఊరుకున్నాను. నితీష్ అప్పటికప్పుడు ఫోన్ తీసి డబ్బు కట్టేసి, దాన్ని తన చేత్తోనే రసజ్ఞ మెడలో వేశాడు. తేజ ఫోటో తీసింది. పుణ్యవతి ఆ పక్క ఇత్తడి కుంది బేరమాడుతోంది కాబట్టి ఈ ముచ్చటంతా చూడలేదు.

శ్రావణంలో నిశ్చితార్థం. ఐలయ్య బంధువుల ఫంక్షన్ హాలు, హఫీజ్‌పేట్ స్టేషన్ అవతల. రసజ్ఞ ముందే చెప్పేసింది, ఈ రోజుల్లో అందరూ వేసుకునే నగలు తను వేసుకోదట. పుణ్యవతి బతిమాలింది, ఏడ్చింది. ఆఖరికి రసజ్ఞ చేనేత చీర కట్టుకుని, మెడలో నల్ల తాడుకి ఆ బిళ్ళ ఒక్కటే వేసుకుని పీటల మీద కూర్చుంది. మా వాళ్ళు "అదేమిటే, మెడ బోసిగా ఉంది" అని బుగ్గలు నొక్కుకున్నారు. అటువాళ్ళు "ఆంధ్రోళ్ళు గింతేనా పెట్టేది" అనుకున్నారని తర్వాత తెలిసింది. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

ఉంగరాలు మార్చుకున్నారు. తర్వాత ఆడవాళ్ళు వరసగా వచ్చి బొట్టు పెడుతున్నారు. సత్తెమ్మ చీర ఒళ్ళో పెట్టి, కుంకుమ దిద్ది, గంధం రాయడానికి మెడ దగ్గర చెయ్యి పెట్టింది. చెయ్యి ఆగిపోయింది. బిళ్ళ రెండు వేళ్ళతో పట్టుకుని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది.

"గిది రూపు గదా బిడ్డా?" అంది. "ఎవలు జెప్పిన్రు నీకు?"

రసజ్ఞకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఎక్కడ కొన్నావని అడుగుతోందనుకుంది. "నితీషే ఆంటీ. తనే ఏరి నా మెడలో వేశాడు" అంది, మురిసిపోతూ.

"నితీషే ఏసిండా?"

అవునన్నట్టు తలూపింది మా పిల్ల.

సత్తెమ్మ పీటల ముందు అలాగే కింద కూలబడిపోయింది. రసజ్ఞ రెండు చేతులూ పట్టుకుని మొహానికి అద్దుకుని ఏడుపు మొదలుపెట్టింది. "నాకు ఇన్నొద్దులు కంటికి నిద్ర లేదు బిడ్డా. నీకు జెప్పకుంట జేస్తున్నమని. మా జ్యోతి కరోనల పాయె. నా కండ్ల ముందటే ఊపిరాడక పాయె. ఇంట్ల దాని పేరెత్తితే మీ మామ నా మీదికి లేస్తడు. నువ్వు దాని రూపు మెడలేసుకొని పీటల మీద కూసున్నవా? గింత పెద్ద మనసా బిడ్డా నీది?"

"సత్తెమ్మా! సప్పుడు జెయ్యకు" అని ఐలయ్య స్టేజీ కిందినుంచి అరిచాడు. ఆ అరుపుకి అంతవరకూ విననివాళ్ళు కూడా ఇటు తిరిగారు.

నేను నితీష్ వైపు చూశాను. వాచీ సర్దుకుంటున్నాడు.

రూపు అంటే ఏమిటో ఇంటికొస్తూ కార్లో పుణ్యవతి చెప్పింది. మొదటి భార్య చనిపోతే, రెండో భార్యగా వచ్చిన పిల్ల ఆ పోయినావిడ బొమ్మ బంగారంతో చేయించుకుని మెడలో వేసుకుంటుంది. కొత్త చీరైనా, పిండివంటైనా ముందు ఆవిడ పేరు చెప్పి పక్కన పెట్టి, తర్వాతే తను ముట్టుకుంటుంది. పోయినావిడ కన్నెర్ర చెయ్యకుండా, పసుపు కుంకుమలు పంచి ఇచ్చి చల్లగా చూడాలని.

"మా మేనత్త మెడలో ఉండేదండీ. జాకెట్టు లోపలే, ఎప్పుడూ బయటికి కనపడనిచ్చేది కాదు. మనం ఎప్పుడు చూశామని గుర్తుపడతాం?" అంది.

అదీ సంగతి. ఎవరో ఒక ఇల్లాలు పోయింది. ఎవరో ఒక రెండో పెళ్ళాం ఆవిణ్ణి గుండెల మీద పెట్టుకుని ముసలిదయింది. ఆవిడా పోయాక మనవలు దాన్ని తీసుకెళ్ళి అమ్ముకున్నారు. తేజ దానికి ఎల్లమ్మ అని పేరు పెట్టింది. మొదటి పెళ్ళి దాచిపెట్టిన మహానుభావుడు, డబ్బిచ్చి కొని, కాబోయే రెండో భార్య మెడలో తన చేతులతో తగిలించి ఫోటో దిగాడు. ఆ ఫోటోకి ఎన్ని వందలమంది లవ్ గుర్తులు పెట్టారో రసజ్ఞే నాకు చూపించింది.

ఇంటికి రాగానే రసజ్ఞ మెడలోది తీసి దేవుడి గూట్లో పెట్టింది. పుణ్యవతి దాన్ని ఏ గుడి హుండీలోనో పడేస్తానంది.

"ముట్టుకోకమ్మా" అంది రసజ్ఞ. ఆ గొంతు విని పుణ్యవతి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాటి నుంచి మా ఇంటికి సలహాలు వచ్చాయి. అన్నిటికంటే పెద్ద సలహా మా బావమరిది రామ్మోహనరావుది. మణికొండ నుంచి పనిగట్టుకుని వచ్చి, మా టిఫిన్ తిని, మూతి తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"విడాకులైతే ఆలోచించాలి బావా. ఆ పిల్ల రేప్పొద్దున వచ్చి గొడవ చెయ్యొచ్చు. ఇది చనిపోయింది కదా. ఏ ఇబ్బందీ లేదు."

"ఎవరికి?" అన్నాను.

"మనకే."

చచ్చిపోయి అందరికీ ఇబ్బంది తప్పించిందన్నమాట. రామ్మోహనరావు లెక్కలో జ్యోతి చాలా బుద్ధిమంతురాలు. నాకు అతణ్ణి మెడపట్టి గెంటాలనిపించింది. కానీ పక్కనే పుణ్యవతి, తమ్ముడి మాటలకి ఆశగా తలూపుతోంది. ఆవిణ్ణీ తప్పుపట్టలేను. కార్డులు అచ్చయిపోయాయి. కార్తీకంలో ముహూర్తం. ఎదురింటివాళ్ళకి చెప్పుకోవాలి కదా.

ఐలయ్య ఫోన్ చేశాడు. "మీరు జర ఫికర్ జెయ్యకుర్రి సార్. పాప పేరు మీద కొండాపూర్ల ఫ్లాట్ రాస్త. అయిపోయిన ముచ్చట మల్ల ఎందుకు తీసుడు?" అన్నాడు. క్షమించమన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. ఆ మనిషి జీవితంలో ప్రతి మరకనీ ఒక ఫ్లాటు పెట్టి తుడిచి ఉంటాడు. నేను "చూద్దామండి" అని పెట్టేశాను. ఆ 'అండి' అన్నందుకు ఆ సాయంత్రమంతా నా మీద నాకే అసహ్యం వేసింది.

రసజ్ఞ ఆఫీసుకి వెళ్ళడం మానేసి ఇంట్లోంచే పని చేస్తోంది. హాల్లో తట్టా, చేటా అన్నీ తీసి అటకెక్కించింది. దానికి నితీష్ అంటే ఇష్టం. అది నాకు తెలుసు, అదే నా భయం. ఇష్టమున్న చోట మనసు ఎంత చిన్న సంజాయిషీకైనా కరిగిపోతుంది. నా కూతురు ఆ ఇంటికి వెళ్ళి, ఏదైనా అయి రేపు లేకపోతే, దాని పేరు కూడా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పడుకుంటే అదే, లేస్తే అదే.

"నాన్నా, నితీష్‌ని ఒకసారి ఇంటికి రమ్మంటాను" అంది ఒకరోజు. "మాట్లాడాలి."

ఆదివారం జోరువానలో వచ్చాడు. గొడుగు గుమ్మం బయట పెట్టి, బూట్లు విప్పి, తుడుచుకుని లోపలికొచ్చాడు. ఆ మర్యాదలకేం లోటు లేదు. రామ్మోహనరావు కూడా వచ్చి ముందే సోఫాలో స్థిరపడ్డాడు. పుణ్యవతి కాఫీ ఇచ్చింది.

"నేను దాచాలనుకోలేదంకుల్" అన్నాడు నితీష్. "చెప్పే టైమ్ కోసం చూస్తున్నా. ఏడాది కూడా లేదు ఆ పెళ్ళి. లాక్‌డౌన్ల అయింది, చుట్టాలు కూడా రాలే. అసలు అది పెళ్ళి లెక్కలకే రాదు."

చుట్టాలు భోంచెయ్యకపోతే పెళ్ళి లెక్కలోకి రాదని నాకు అప్పుడే తెలిసింది.

"ఎలా ఉండేది?" అని అడిగింది రసజ్ఞ.

"ఎవరు?"

"జ్యోతి."

"మంచిదే" అన్నాడు కప్పులోకి చూస్తూ. "బాగా నవ్వేది." అని, ఉన్నట్టుండి ఏడ్చాడు. దవాఖానలో బెడ్డు దొరకని సంగతి చెప్పాడు. ఆక్సిజన్ సిలిండర్ కోసం ఊరంతా తిరిగిన సంగతి చెప్పాడు. అది దొంగ ఏడుపు కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. రసజ్ఞ లేచి వెళ్ళి అతని పక్కన కూర్చుంది. పుణ్యవతి కొంగుతో కళ్ళొత్తుకుంది. రామ్మోహనరావు నా వైపు చూసి, అయిపోయింది బావా అన్నట్టు కనుబొమలెగరేశాడు. నాకూ అలాగే అనిపించింది. నిజం చెప్పాలంటే నా మనసు కూడా మెత్తబడింది. పాతికేళ్ళు దాటీ దాటగానే అంత చూసినవాడు, చెప్పుకోలేకపోయాడేమో అనుకున్నాను.

"నాకు ముందే చెప్పి ఉండాల్సింది" అంది రసజ్ఞ.

"తప్పే. ఇగ ఏదీ దాయను."

పుణ్యవతి ఇంకో కాఫీ తేవడానికి లేచింది. గదిలో గాలి తేలికపడింది. నితీష్ ముఖం తుడుచుకుని, ఏదో చిన్న పని గుర్తొచ్చినవాడిలా అన్నాడు, "అన్నట్టు రసజ్ఞా, తేజ దగ్గర ఆ బిళ్ళలు ఇంకా ఉన్నయా? ఒకటి కావాలె."

"ఎందుకు?"

"మమ్మీ సతాయిస్తుంది. నీ మెడలది మన జ్యోతి కాదని తెలిసినకాడికెల్లి సరిగ్గ తింటలేదు. జ్యోతి రూపు చేపించమంటది, దేవుని దగ్గర పెట్టుకుంటదట. ఒకటి కొనిస్తే గొడవ ఖతం."

"కొనడం ఎందుకు నితీష్? ఫోటో ఇస్తే కంసాలి చేస్తాడు. ఇప్పుడు ముఖం కూడా పోలిక తెస్తున్నారు."

"ఫోటోలు లేవు. సంబంధాలు చూసుడు మొదలైనప్పుడు నేను ఫోన్లయి తీసేసిన. ఆల్బమ్ డాడీ కాలవెట్టిండు."

"వాళ్ళ అమ్మావాళ్ళ దగ్గర ఉంటాయి కదా?"

"వాళ్ళతోని మాకు మాటల్లేవు. మల్ల అదొక లొల్లి."

"మరి తేజ దగ్గర కొన్నది జ్యోతి ఎలా అవుతుంది?"

"జ్యోతిదే అని చెప్త" అన్నాడు నితీష్. "మమ్మీకి కండ్లు సరిగ్గ కనపడవు."

పుణ్యవతి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. రామ్మోహనరావు కూడా, ఆశ్చర్యం, కాఫీ కప్పు కింద పెట్టేశాడు. నితీష్ మాత్రం ఏం జరిగిందో తెలియక మా అందరి ముఖాలూ వరసగా చూశాడు. ఇంత సులువైన ఉపాయానికి మెచ్చుకుంటామనుకున్నాడేమో.

రసజ్ఞ అతని పక్కనుంచి లేచింది. వేలి ఉంగరం తొందరగా రాలేదు. తిప్పి తిప్పి లాగి, కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"వెళ్ళు నితీష్" అంది. "మీ అమ్మతో నేను మాట్లాడతాను. జ్యోతి వాళ్ళ ఊరు ఏదో ఆవిణ్ణే అడిగి, వెళ్ళి ఫోటో తెచ్చిస్తాను."

"ఏమైంది ఇప్పుడు? నేనేమన్న? ఇగ దాయనని చెప్పిన గదా, అందుకే అంతా ఓపెన్‌గ చెప్తున్న." గొంతు పెంచి నా వైపు తిరిగాడు. "మీరన్న చెప్పండి అంకుల్."

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. నలభై ఏళ్ళు ఆఫీసులో నోరు మూసుకుని పోగేసుకున్నదంతా ఉంది. కానీ నా కూతురు నిటారుగా నిలబడి ఉంది. వీడి మీద మాటలు ఖర్చు పెట్టడం కూడా దండగనిపించింది. లేచి వెళ్ళి వీధి తలుపు తీశాను. వాన ఇంకా కొడుతోంది.

"నీ గొడుగు ఇక్కడుంది బాబూ" అన్నాను.